బెంగళూరు నుంచి అమెరికాకు ఎంత దూరం, ఎన్ని గంటలు? టికెట్ చూసి మీరే లెక్క వేసుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం పూట కూర్చునే పెద్దవాళ్లలో సగం మంది పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నారు. కోడలి పురుడికనో, మనవడి అన్నప్రాశనకనో టికెట్ రాగానే ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "అమ్మా, మూడింటికి ఎక్కితే ఆరింటికి దిగుతామని ఉందేంటి? అమెరికా మూడు గంటలేనా?" ఇదే ప్రశ్న అనంతపురం నుంచి, హిందూపురం నుంచి, చిత్తూరు నుంచి ఫోన్లలోనూ వస్తుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం వస్తే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. "ఎన్ని గంటలు" అన్న ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. విమానం గాల్లో ఉండే టైం ఒకటి. టికెట్ మీద రాసే టైం ఇంకొకటి: అది విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా. మూడోది మీ ఇంటి గడప నుంచి అబ్బాయి ఇంటి గడప దాకా. వెబ్‌సైట్లలో దొరికేది ఎక్కువగా మొదటిది. మీకు నిజంగా కావలసింది మూడోది.

కావలసినవి

- టికెట్ ప్రింటు. ఫోన్‌లో చూస్తే చిన్న అక్షరాలు తప్పిపోతాయి, కాగితం మీద ఉంటే పెన్నుతో గీతలు పెట్టుకోవచ్చు.
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్.
- తెల్ల కాగితం, పెన్ను.
- ఇంట్లో పిల్లల గ్లోబు, కాస్త దారం, టైలర్ టేపు ఉంటే ఇంకా మంచిది. లేకపోయినా పని ఆగదు.

1. మూడక్షరాల కోడ్ చూడండి, ఊరి పేరు కాదు

ప్రతి విమానాశ్రయానికి మూడు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ఉంటుంది. బెంగళూరుది బీఎల్ఆర్, శాన్ ఫ్రాన్సిస్కోది ఎస్ఎఫ్ఓ, లండన్ హీత్రోది ఎల్‌హెచ్ఆర్. టికెట్ మీద ఉన్న కోడ్‌లను కాగితం మీద వరసగా రాసుకోండి.

ఊరి పేరుతో వెతికితే మోసపోతారు. కాలిఫోర్నియాలో ఉన్న శాన్ హోసే ఎస్‌జేసీ. అదే పేరుతో కోస్టారికా అనే వేరే దేశంలో ఉన్నది ఎస్‌జేఓ. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఒకటి, అమెరికాలోని అలబామాలో ఒకటి. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోనూ ఉంది. లండన్‌కైతే హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్ అని చాలా ఎయిర్‌పోర్టులు. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలని టికెట్‌లో ఉంటే వెంటనే అబ్బాయికి ఫోన్ చేయండి. లగేజీతో ఊరు దాటడం పెద్దవాళ్లకు చాలా కష్టం. దానికి ఆ దేశపు వీసా కూడా అడగొచ్చు.

2. దూరం కొలవండి

గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు కోడ్‌లు మధ్యలో అడ్డగీతతో కొడితే దూరం, దారి రెండూ చూపిస్తుంది. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఎయిర్‌పోర్ట్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో ఎయిర్‌పోర్ట్ మీద నొక్కినా వస్తుంది. కారు దారి చూపించే ఆప్షన్ మాత్రం దీనికి పనికిరాదు.

బెంగళూరు నుంచి కొన్ని దూరాలు, గుండ్రంగా చెప్తున్నాను: దుబాయ్ 2,700 కి.మీ., సింగపూర్ 3,180, ఫ్రాంక్‌ఫర్ట్ 7,400, లండన్ హీత్రో 8,050, శాన్ ఫ్రాన్సిస్కో 14,000.

గ్లోబు ఉంటే ఈ పని ఒక్కసారైనా చేతులతో చేసి చూడండి. దారం ఒక కొస బెంగళూరు మీద బొటనవేలితో నొక్కి పట్టుకోండి. రెండో కొసను శాన్ ఫ్రాన్సిస్కో దాకా తీసుకెళ్లి బిగించి లాగండి. దారం తనంతట తానే పక్కకు జారి, అతి దగ్గర దారి దగ్గర ఆగుతుంది. మా అమ్మ ఇది చేసినప్పుడు దారం యూరప్ వైపు పోలేదు. నేరుగా పైకెక్కి చైనా, సైబీరియా, అలాస్కా మీదుగా కాలిఫోర్నియాలోకి దిగింది. గోడ మీది మ్యాపులో చూసి అమెరికా అంటే పడమరకు పోవాలని ఆవిడ ఇన్నాళ్లూ అనుకుంది. దారాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు చూసింది.

ఇప్పుడు ఆ దారాన్ని టేపు మీద పెట్టి కొలవండి. తర్వాత గ్లోబు నడుం చుట్టూ, అంటే భూమధ్యరేఖ మీద దారం చుట్టి అదీ కొలవండి. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కి.మీ. మా గ్లోబుకు నడుం 94 సెం.మీ., బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో 33 సెం.మీ. వచ్చాయి. 33ను 94తో భాగించి 40,075తో గుణిస్తే దాదాపు 14,070. అసలు దూరానికి వంద కి.మీ. లోపే తేడా.

ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు మైళ్లతో వస్తుంది. వెబ్‌సైట్ శాన్ ఫ్రాన్సిస్కోకు 8,700 అని చూపిస్తే అది మామూలు మైళ్లు. 7,550 అని చూపిస్తే నాటికల్ మైళ్లు. ఒక మైలు 1.609 కి.మీ., ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. అంకె పక్కన ఏ కొలత రాసి ఉందో చూశాకే కాగితం మీదకు ఎక్కించండి.

మధ్యలో ఆగే టికెట్ అయితే ఒక్కో ముక్కను విడిగా కొలిచి కలపండి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే 7,400కు 9,150 కలిపి 16,550. దుబాయ్ మీదుగా దాదాపు 15,700. నేరుగా 14,000.

3. గాల్లో ఎన్ని గంటలో ఉజ్జాయింపు వేయండి

దూరాన్ని 850తో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలపండి. 14,000ను 850తో భాగిస్తే పదహారున్నర గంటలు, అరగంట కలిపితే 17. లండన్‌కు పది గంటలు. ఇది ఉజ్జాయింపే. అటూ ఇటూ గంట, గంటన్నర తేడా రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు.

ఒకటి గాలి. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. అందుకే లండన్ వెళ్లేటప్పుడు పట్టే టైం కంటే తిరిగి వచ్చేటప్పుడు తక్కువ పడుతుంది. పైలట్లు కూడా ఆ గాలిని బట్టే ఏ రోజు దారి ఆ రోజు ఎంచుకుంటారు.

రెండోది మూసేసిన ఆకాశం. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరోపియన్ యూనియన్ దేశాల విమానాలను రష్యా తన మీదుగా పోనివ్వడం ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసింది. టిబెట్ పీఠభూమి మీదుగా ఎక్కువసేపు వెళ్లడానికి కూడా విమానాలు ఇష్టపడవు, ఆపద వస్తే కిందికి దిగడానికి చోటు ఉండదు కాబట్టి. అందువల్ల దారం చూపించిన దారి వేరు, విమానం పోయే దారి వేరు. పోయినసారి మీ బంధువులకు పట్టిన గంటలు ఈసారి మీకు పట్టకపోవచ్చు.

4. టికెట్ టైంలను ఒకే గడియారంలోకి మార్చండి

అసలు తికమక అంతా ఇక్కడే. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైం. బెంగళూరులో ఎక్కేది మన టైం, శాన్ ఫ్రాన్సిస్కోలో దిగేది వాళ్ల టైం. రెండింటినీ ఊరికే తీసేస్తే మూడు గంటల అమెరికా వస్తుంది.

శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు వెనక, ఎండాకాలంలో 12 గంటల 30 నిమిషాలు వెనక. లండన్ 5:30 లేదా 4:30 వెనక. ఫ్రాంక్‌ఫర్ట్ 4:30 లేదా 3:30 వెనక. దుబాయ్ ఎప్పుడూ 1:30 వెనక, సింగపూర్ ఎప్పుడూ 2:30 ముందు.

చేయవలసింది ఇంతే: దిగే ఊరు వెనక ఉంటే, దిగే టైంకు ఆ తేడా కలిపి మన టైంలోకి తెచ్చుకోండి. ముందు ఉంటే తీసేయండి. అప్పుడు ఎక్కే టైం తీసేయండి.

ఉదాహరణకు జనవరిలో సోమవారం 15:00కు బెంగళూరులో ఎక్కి అదే సోమవారం 18:00కు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుతామని టికెట్ ఉందనుకోండి. 18:00కు 13:30 కలిపితే మన టైంలో మంగళవారం ఉదయం 7:30. సోమవారం మధ్యాహ్నం మూడు నుంచి మంగళవారం ఉదయం ఏడున్నర దాకా పదహారున్నర గంటలు. మూడు గంటల గుట్టు అదీ.

జాగ్రత్త: అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మార్చిలో ఆ రెండు ఆదివారాల మధ్య ప్రయాణం పడితే అమెరికా మారి ఉంటుంది, యూరప్ మారి ఉండదు. ఆ రోజుల్లో లెక్క ఒక గంట తప్పుతుంది. మన దగ్గర, దుబాయ్‌లో, సింగపూర్‌లో ఈ గొడవ లేదు. ఆ తేదీలు దగ్గర్లో ఉంటే ఫోన్‌లోని ప్రపంచ గడియారంలో చూడకండి, అది ఈరోజు తేడానే చూపిస్తుంది. ప్రయాణం రోజు తేడా చూసుకోవాలి.

5. మధ్యలో ఆగే టికెట్ అయితే

ఫ్లైటు మారే ఊళ్లో వేచి ఉండే టైంకు ఏ తేడా కలపక్కర్లేదు. దిగేదీ ఎక్కేదీ అదే ఊరి టైం కదా. మిగతా ముక్కలకు మాత్రమే కలపాలి.

జనవరి 15న బెంగళూరులో 03:00కు ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో 08:30కు దిగి, 13:00కు ఎక్కి, శాన్ ఫ్రాన్సిస్కోలో అదే 15న 15:30కు దిగాలనుకుందాం. మొదటి ముక్క: 5:30కు 4:30 కలిపి పది గంటలు. వేచి ఉండటం నాలుగున్నర గంటలు. రెండో ముక్క: 2:30కు ఆ రెండు ఊళ్ల మధ్య తేడా 9 గంటలు కలిపి పదకొండున్నర. మొత్తం 26 గంటలు.

ఇప్పుడు మొదటి ఊరు, చివరి ఊరు మాత్రమే తీసుకుని ఇంకోసారి వేయండి. 03:00 నుంచి 15:30 దాకా 12:30, దానికి 13:30 కలిపితే 26. రెండు లెక్కలూ కలిశాయి. కలవకపోతే ఎక్కడో తేడా తప్పు వేశారని అర్థం. ఈ రెండో లెక్క వేయకుండా ఎవరికీ గంటలు చెప్పకండి.

ఇంకో మాట. "డైరెక్ట్" అని రాసి ఉంటే మధ్యలో ఆగదని కాదు. అదే ఫ్లైటు నంబరుతో మధ్యలో ఓ ఊళ్లో దిగి మళ్లీ ఎగరవచ్చు. "నాన్‌స్టాప్" అని ఉంటేనే ఎక్కడా ఆగదు. నాన్‌స్టాప్ సర్వీసులు సీజన్‌ను బట్టి వస్తుంటాయి, పోతుంటాయి. ఎవరో పోయినేడాది వెళ్లారన్న మాట మీద ఆధారపడకుండా బుక్ చేసే రోజే చూసుకోండి.

6. తేదీ: అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే

మా పెద్దమ్మ వాళ్లది హిందూపురం. టికెట్ మీద 20వ తేదీ 00:55 అని ఉంది. 20న పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, పచ్చళ్ల సీసాలకు టేపు చుట్టుకుని, సాయంత్రం కారెక్కారు. రాత్రి ఎనిమిదింటికి ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర కానిస్టేబుల్ టికెట్ చూసి, "అమ్మా, ఈ విమానం నిన్న రాత్రే వెళ్లిపోయింది" అన్నాడు. పెద్దమ్మ అక్కడే ట్రాలీ పట్టుకుని నిలబడిపోయింది. కొత్త టికెట్‌కు అయిన డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఈ అంకె గుర్తుంచుకోండి.

20వ తేదీ 00:55 అంటే 19 రాత్రి భోజనం అయ్యాక వచ్చే 00:55. మీరు 19 సాయంత్రమే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. బెంగళూరు నుంచి యూరప్, గల్ఫ్ వైపు పోయే విమానాల్లో చాలా అర్ధరాత్రి దాటాకే. అందుకని టికెట్ మీద టైం 00:00కూ 05:00కూ మధ్యలో ఉంటే, ప్రింటు మీద పెద్ద అక్షరాలతో "ఇల్లు కదిలేది 19, ఆదివారం సాయంత్రం" అని వారం పేరుతో సహా రాయండి. క్యాలెండర్‌లో కూడా 19 మీదే సున్నా చుట్టండి, 20 మీద కాదు.

దిగే టైం పక్కన చిన్నగా +1 లేదా +2 ఉంటుంది. +1 అంటే మర్నాడు, +2 అంటే ఎల్లుండి. అమెరికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు +2 తరచుగా కనిపిస్తుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. కెప్టెన్ జోయా అగర్వాల్, మిగతా మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. ఆ విమానం అక్కడ 9వ తేదీ రాత్రి బయలుదేరి ఇక్కడ 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. గాల్లో ఉన్నది 17 గంటలకు పైగా మాత్రమే, క్యాలెండర్‌లో రెండు తేదీలు దాటాయి. +2 గమనించకపోతే తీసుకురావడానికి కారు ఒకరోజు ముందే వచ్చి నిలబడుతుంది.

7. ఆ ఫ్లైటు నిజంగా ఎంతసేపు పడుతోందో చూడండి

ఫ్లైట్‌రాడార్24 అనే వెబ్‌సైట్‌లో ఫ్లైటు నంబరు కొడితే గత కొన్ని రోజుల్లో ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఎంతసేపు ఎగిరింది అన్నీ కనిపిస్తాయి. కనీసం ఐదు రోజులు చూడండి. ఒక్కరోజు చూసి కంగారు పడకండి, ఆ రోజు వానో పొగమంచో ఉండి ఉండొచ్చు. ఐదులో నాలుగు రోజులు గంట ఆలస్యంగా దిగుతూ, మధ్యలో మీకున్న గ్యాప్ గంటన్నరే అయితే మాత్రం ఇప్పుడే టికెట్ మార్చుకునే మార్గం చూడండి. పెద్దవాళ్లు, అందులో వీల్‌చెయిర్ అడిగినవాళ్లు అయితే మూడు గంటలకు తక్కువ గ్యాప్ ఉన్న టికెట్ కొనవద్దనే నా సలహా.

8. గడప నుంచి గడప దాకా

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. బెంగళూరులో అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబరు నుంచి టెర్మినల్ 2 నుంచే వెళ్తున్నాయి, డ్రైవర్‌కు అది ముందే చెప్పండి.

ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లి దగ్గర, అంటే ఊరికి ఉత్తరాన ఉంది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి సాయంత్రం బయలుదేరితే రెండు గంటలకు పైనే పెట్టుకోండి. సామాను తక్కువైతే ఎయిర్‌పోర్ట్‌కు పోయే వాయు వజ్ర బస్సులు ఉన్నాయి. అనంతపురం, హిందూపురం, పెనుకొండ వైపు నుంచి వచ్చేవాళ్లు ఊరి మధ్యలోని మెజెస్టిక్ బస్టాండు దాకా పోయి మళ్లీ వెనక్కి రావడం నేను చాలాసార్లు చూశాను. హైదరాబాద్ హైవే మీద మీకు ముందు తగిలేది ఎయిర్‌పోర్టే, తర్వాతే బెంగళూరు. చిత్తూరు, కోలారు వైపు నుంచి కారులో వస్తే హొసకోటె దగ్గర బూదిగెరె దారి పట్టండి, కేఆర్ పురం ట్రాఫిక్ తప్పుతుంది.

అనంతపురం నుంచి పై ఫ్రాంక్‌ఫర్ట్ టికెట్ తీసుకుంటే: రోడ్డు మీద టీతో కలిపి 4 గంటలు, ఎయిర్‌పోర్ట్‌లో 3, ప్రయాణం 26, అక్కడ ఇమిగ్రేషన్, లగేజీకి 2, అబ్బాయి కారులో 1. మొత్తం 36 గంటలు. మాత్రలు, చపాతీలు, స్వెటర్ చేతి సంచిలో సర్దుకునేది ఈ 36కు, వెబ్‌సైట్ చూపించే 17కు కాదు.

లెక్క సరిగ్గా వచ్చిందా? చూసుకునే పద్ధతి

ఒక్కో ముక్క దూరాన్ని దాని గంటలతో భాగించండి. జవాబు 700కూ 950కీ మధ్య రావాలి. 14,000ను 16.5తో భాగిస్తే 848, బాగుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ముక్క 740, పర్వాలేదు. 4,600 అనో 1,300 అనో వస్తే టైం తేడా కలపడం మర్చిపోయారు. 400 వస్తే తీయాల్సింది కలిపారు, లేదా మధ్యలో ఆగే టైం కూడా లోపల కలిసిపోయింది. దుబాయ్ లాంటి దగ్గర ఊళ్లకు 600 దాకా వచ్చినా తప్పు కాదు, ఎక్కి దిగే టైమే అందులో పెద్ద వంతు.

భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యా దగ్గర దారి దాదాపు 20,000 కి.మీ. మించదు. అంతకంటే ఎక్కువ వస్తే మైళ్ల పొరపాటు వెతకండి. ఇప్పుడు నడుస్తున్న వాటిలో అతి పొడవైన సింగపూర్, న్యూయార్క్ ఫ్లైటే 15,300 కి.మీ. చిల్లర, 18 గంటల పైచిలుకు. మీకు ఒకే ముక్క 20 గంటలు వచ్చిందంటే మధ్యలో ఎక్కడో ఆగుతోంది, టికెట్ మళ్లీ చదవండి.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ గంటల కాగితాన్ని డాక్టర్‌కు చూపించి, ఏ మాత్ర ఎప్పుడో దాని మీదే రాయించుకోండి. ఇన్సులిన్ అయితే తప్పనిసరిగా. చేతికి పాత వాచీ ఒకటి పెట్టుకుని, అక్కడ దిగేదాకా మన టైంలోనే ఉంచండి. ఫోన్ ప్రతి ఊళ్లోనూ టైం మార్చేసుకుంటుంది, వాచీ మార్చుకోదు.